46 ఏళ్ల తర్వాత ఉప్పెన ఊరికి సైకిలుపై

కాకినాడ: పొద్దున బస్సెక్కితే చీకటి పడేలోగా చేరుకోగల ఊరు. ఆ ఊళ్లో అడుగు పెట్టడానికి మాత్రం ఆయనకు 46 ఏళ్లు పట్టింది. చివరకు చేర్చింది బస్సు కాదు, ఓ పాత సైకిలు, పక్కనే తొక్కిన ఓ స్నేహితుడు.

కాకినాడలో దర్జీ పని చేసుకునే 54 ఏళ్ల వ్యక్తి, అదే వీధిలో సైకిల్ షాపు నడిపే ఆయన మిత్రుడు 2024 సంక్రాంతికి దివిసీమ వరకు సైకిళ్లపై వెళ్లారు. ఇది పేరు కోసం చేసిన పని కాదని, పేర్లు వేయవద్దని ఇద్దరూ కోరారు.

రెండుసార్లూ బందరు నుంచే వెనక్కి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికార లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలు కొన్ని ఆనవాలు లేకుండా పోయాయి.

దర్జీకి అప్పుడు ఎనిమిదేళ్లు. బందరులోని మేనమామ ఇంటికి అక్కను పంపాలనుకుంటే, తానే వెళ్తానని ఏడ్చి మారాం చేసి వెళ్లారు. అక్క ఊళ్లో ఉండిపోయింది. అమ్మ, నాన్న, అక్క ముగ్గురూ ఉప్పెనలో పోయారు. కొన్నాళ్లకు మేనమామ ఆయనను కాకినాడ తీసుకొచ్చి కుట్టుపనిలో పెట్టారు.

పెద్దయ్యాక రెండుసార్లు ఊరికని బయలుదేరారు. రెండుసార్లూ బందరులో బస్సు దిగి వెనక్కి వచ్చేశారు. ఈ సంగతి భార్యకూ చెప్పలేదు. తెలిసింది సైకిల్ షాపు మిత్రుడికి ఒక్కడికే. ‘బస్సయితే ఒక్కసారే తీసుకెళ్లి దించేస్తుంది బావా. సైకిలయితే మనసు కుదిరినంతే తొక్కుదాం’ అని ఆయనే బయలుదేరదీశారు.

గాలివాటం చూసి ప్రయాణం

కనుమనాడు కాకైనా కదలదంటారు. అందుకే ముక్కనుమ నాడు తెల్లవారుజామున బయలుదేరారు. రెండు సైకిళ్లకూ కొత్త టైర్లు, బ్రేకు రబ్బర్లు వేశారు. గాలిపంపు, పంక్చరు సామాను, రెండు దుప్పట్లు, సున్నుండల డబ్బా క్యారియర్లకు కట్టుకున్నారు.

శీతాకాలంలో ఈ తీరాన ఈశాన్యపు గాలి వీస్తుంది. కాకినాడ నుంచి దక్షిణాదికి తొక్కేవారికి అది వెనుక నుంచి సాయం. తిరిగి రావాలంటే మాత్రం ఎదురుగాలే. ఇది తెలిసే సైకిల్ షాపు మిత్రుడు ఈ కాలాన్ని ఎంచుకున్నారు.

తీరం వెంట దారి అన్న మాటే గాని, సముద్రం కనిపించేది తక్కువ. దారిలో ఎడమ చేతి వైపు కోరంగి మడ అడవులు. యానాం దగ్గర గౌతమిపై బాలయోగి వంతెన ఎక్కి కోనసీమలో దిగారు. ఆ రాత్రి అమలాపురంలో పడుకున్నారు. మర్నాడు బోడసకుర్రు వంతెనపై వైనతేయ దాటి రాజోలు చేరారు.

అక్కడి నుంచి చించినాడ వంతెన మీదుగా వెళ్లవచ్చు. దర్జీ ఒప్పుకోలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో దిగారు. చిన్నప్పుడు మేనమామ తనను తీసుకొచ్చింది ఆ రేవు మీదుగానే. ఆ ప్రయాణంలో ఆయనకు గుర్తున్నదల్లా వశిష్ఠ గోదావరి నీళ్లే. నీళ్లు చూసి భయపడి మేనమామ చొక్కా వదల్లేదట.

దారి పొడవునా ఉప్పెన గురుతులే

వీరు తొక్కిన దారంతా సముద్రం దెబ్బ తిన్నదే. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతింది. 1864 ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయారని చెబుతారు. 1977 తర్వాత తీరం పొడవునా తుపాను రక్షణ భవనాలు లేచాయి. ముందస్తు హెచ్చరికలు, జనాన్ని తరలించే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. అందుకే 1990 మేలో కృష్ణా జిల్లాపై పెద్ద తుపాను విరుచుకుపడినా మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది.

మూడో రోజు మొగల్తూరు, లోసరి మీదుగా సాగారు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు దాటాక రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల చెరువులే. చీకటి పడ్డాక బందరు చేరారు.

‘ఎదురుగాలి నువ్వొక్కడివే తొక్కాలి’

బందరులో ఆ రాత్రి దర్జీ అన్నం ముట్టలేదు. తెల్లవారి సైకిలును కాకినాడ వైపు తిప్పారు. మిత్రుడు బతిమాలలేదు, కోప్పడలేదు. ‘వెనక్కి పోతే పో బావా. ఎదురుగాలి మాత్రం నువ్వొక్కడివే తొక్కాలి. నేను అవనిగడ్డ పోతున్నా’ అని పెడల్ మీద కాలు వేశారు. ఓ ఫర్లాంగు పోయాక వెనుక నుంచి బెల్లు వినిపించిందని ఆయన నవ్వుతూ చెప్పారు.

చల్లపల్లి, మోపిదేవి దాటి మధ్యాహ్నానికి అవనిగడ్డ చేరారు. ఉప్పెన మృతుల స్మారకం వద్ద కాసేపు కూర్చున్నారు. నాగాయలంక మీదుగా ఊరు చేరేసరికి పొద్దు వాలింది.

పాత ఇల్లున్న చోటు ఆయన గుర్తుపట్టలేకపోయారు. అరుగు మీది ఓ ముసలమ్మ ‘ఎవరి పిల్లోడివయ్యా?’ అని అడిగింది. తండ్రి పేరు చెప్పగానే దగ్గరకు పిలిచి తల నిమిరింది. అక్క సంగతి, తన మారాం సంగతి ఆమెకు చెప్పుకున్నారు. ‘నువ్వుంటే నీళ్లు ఆగేవా నాయనా? నువ్వూ పోతే వాళ్లను తలుచుకునే దిక్కే లేకుండా పోను’ అందామె.

ఆ రాత్రి వారికి ఆమె ఇంట్లోనే భోజనం. తర్వాత తుపాను రక్షణ భవనంలో దుప్పట్లు పరుచుకున్నారు. బందరులో పస్తున్న మనిషి ఆ పూట మారు అన్నం అడిగి తిన్నారని మిత్రుడు చెప్పారు. తిరుగు ప్రయాణంలో సైకిళ్లను లారీ ఎక్కించారు.

ఇంటికి చేరాక దర్జీ భార్యకు అంతా చెప్పారు. 2024 నవంబరు 19న ఆమెను, కూతురిని వెంటబెట్టుకుని మళ్లీ ఊరు వెళ్లి ముగ్గురి పేరా దీపం పెట్టి వచ్చారు. ఈసారి బస్సులోనే వెళ్లారు. బందరులో దిగలేదు.