తీగలేని వార్తకు ఒక్క కొలత

పూర్వము మన దేశమున కుంచము, తవ్వ మున్నగు కొలతలు అన్ని యూళ్లను ఒక్కటిగా నుండెడివి కావు. ఒకచోట కొలిచిన ధాన్యము వేఱొకచోట తక్కువయగుచుండెను. తీగలేక వార్తలు పంపు యంత్రములకును ఇట్టి చిక్కే కలదు. ఒకరు చేసిన యంత్రము పంపు సంకేతమును మఱియొకరు చేసినది గ్రహింపవలయునన్న, ఇరువురును ఒక్క ప్రమాణమున కొడంబడవలయును. అట్టి ప్రమాణమునకై జరిగిన యొక యత్నమును మా చదువరులకు తెలిపెదము.

2002వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికా ప్రభుత్వపు వార్తాప్రసార సంఘము, 3.1 మొదలు 10.6 గిగాహెర్ట్జుల వఱకు గల తరంగశ్రేణిని మిక్కిలి స్వల్పశక్తితో, లైసెన్సు లేకయే వాడుకొనుట కనుమతించెను. ఈ తరంగముల పొడవు సుమారు పది సెంటిమీటర్లు మొదలు మూడు సెంటిమీటర్ల వఱకు నుండును. శక్తి యంత స్వల్పమేల యనిన, ఆ శ్రేణిలోనే పనిచేయు నితర యంత్రములకు బాధ కలుగకుండుటకే. అందుచే సందేశము దూరము పోజాలదు. గది దాటుటయే కష్టము. కాని శ్రేణి విశాలమగుటచే ఆ గదిలో నతివేగముగా పోగలదు. ఇఱుకు సందున ఒక్క బండియే పోవును, రాజమార్గమున పది బండ్లు ప్రక్కప్రక్కన పోవును గదా!

అంతట ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంఘమువారు 802.15.3ఏ అను ఉపసంఘము నేర్పఱచి, పది మీటర్ల దూరమున సెకనుకు 110 మెగాబిట్లు పంపగల పద్ధతులను సూచింపుడని ఆహ్వానించిరి. సూచించినవారు తమ లెక్కలను సభలో చూపి, తోడివారి ప్రశ్నలకు నిలువవలయును. ఈ నియమము మాకు మిక్కిలి నచ్చినది. ఇరువదిమూడు సూచనలు వచ్చి, ఒండొంటితో కలిసి, తుదకు రెండు మాత్రమే మిగిలెను. మొదటిది శ్రేణిని 528 మెగాహెర్ట్జుల ఖండములుగా విభజించి, ఒకదానినుండి మఱియొకదానికి గంతులు వేయుచు పంపునది. రెండవది విశాలమైన శ్రేణిపై పరచుకొను క్షణికస్పందనలను పంపునది.

నెగ్గుటకు నూటికి 75 వోట్లు వలయును. ఏ పక్షమునకును అవి లభింపలేదు. రెండును పనిచేయునవియే, రెండింటి వెనుకను కంపెనీలు నిలిచియుండెను. ఇదియే అసలు చిక్కని మా యభిప్రాయము. సుమారు మూడేండ్లు వాదించి, 2006 జనవరిలో ఉపసంఘమువారు పనిని విరమించిరి.

స్పందనల పద్ధతి మాత్రము నశింపలేదు. 2007లో 802.15.4ఏ అను వేఱొక ప్రమాణమున అది దూరము కొలుచుటకు వినియోగింపబడెను. స్పందన సెకనులో నూఱుకోట్లవ భాగమున సుమారు 30 సెంటిమీటర్లు పోవును గావున, పోయివచ్చిన కాలమును బట్టి దూరము తెలియును. నేడు కొన్ని మోటారుకార్లు తమ తాళపుచెవి ఎంత చేరువనున్నదో యెఱుగుట ఈ పద్ధతిచేతనే.