కాలును కాపాడు కండకప్పు

మోకాలి క్రింద ముందువైపున ఎముకకును చర్మమునకును నడుమ కండ లేదు. ట్రాక్టరు చక్రము ఎక్కినను, లారీ తాకినను అచ్చటి చర్మము చీలి ఎముక బయటపడును. దానిని సకాలమున కప్పనిచో ఎముక ఎండి, చీము పట్టి, తుదకు కాలు తీసివేయవలసి రావచ్చును.

తొడ నుండి పలుచని చర్మము తీసి అతికింపరాదా యని కొందరు అడుగవచ్చును. పెరికిన నారు తడిమడిలో వేళ్లూనును, బండపై ఎండిపోవును. ఆ చర్మమును అట్టిదే. అడుగున రక్తము ప్రసరించు చోటనే అది బ్రతుకును. పైపొర పోయిన వట్టి ఎముకపై నిలువదు.

కావున వైద్యులు 'ఫ్లాప్' అను పద్ధతిని అవలంబింతురు. పిక్కలోని ఒక కండను, దానికి రక్తమందించు నాళము తెగకుండ విడదీసి, గాయముపైకి మలతురు. కండ తన రక్తమును తానే తెచ్చుకొనును గనుక దానిపై అతికిన చర్మము బ్రతుకును. మిగిలిన కండల బలముతో రోగి మరల నడువగలడు. చేరువ కండ చాలనిచో, దూరపు కండను తెచ్చి సూక్ష్మదర్శిని సాయమున నాళములను కలిపి కుట్టుదురు.

ఈ విద్యకు మన దేశమున ప్రాచీన చరిత్ర కలదు. తెగిన ముక్కును చెంప చర్మముతో కట్టు విధము సుశ్రుత సంహితలో చెప్పబడినది. పూణె ప్రాంతమున ఒక బండి తోలువానికి నుదుటి చర్మముతో ముక్కు అమర్చిన వృత్తాంతము 1794లో లండన్ పత్రికలో వెలువడెను. ఆ పద్ధతినే కార్ప్యూ అను వైద్యుడు 1814లో ఇంగ్లండులో అనుసరించెను.

అయినను వైద్యుని నేర్పు ఫలించుటకు గ్రామమున జరుగు మొదటి సాయము ముఖ్యము. అందుచే పంచాయతీ సభ్యులకు మేము చేయు మనవి యిది. గాయముపై పేడ, బూడిద, పసుపు, కాఫీపొడి వేయనీయకుడు. శుభ్రమైన గుడ్డ కప్పి, రక్తము కారుచోట అదిమిపట్టుడు. కాలు కదలకుండ బద్దలు కట్టి 108కి కబురంపుడు. ధనుర్వాతపు సూది వేయించుడు. ఎముకల వైద్యుడును, ప్లాస్టిక్ సర్జనును ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చుడు. సాధ్యమైనచో మూడు దినములలోపల, తప్పనిచో వారములోపల గాయమును కప్పుట మేలు. చికిత్స పిమ్మట చుట్ట, బీడీ ముట్టనీయకుడు. పొగ రక్తనాళములను కుదించి, అతికిన కండను చంపగలదు.

ప్రతి కాలును నిలుపుట వైద్యునికి సాధ్యము కాకపోవచ్చును. కాని కేవలము మన ఆలస్యముచే ఒక రైతుకూలీ కాలు పోగొట్టుకొనకుండ చూచుట మన చేతిలోని పని.