కాఫీ తాగవచ్చా?

"డాక్టరు గారూ, కాఫీ మానెయ్యమంటారా?" బి.పి. ఉందనో, నిద్ర పట్టడం లేదనో వచ్చినవారు తరచు అడిగే ప్రశ్న ఇది. చాలామందికి పూర్తిగా మానవలసిన పని లేదు. ఎంత తాగుతున్నాం, ఏ వేళప్పుడు తాగుతున్నాం అన్నది చూసుకోవాలి.

కాఫీ, టీలలో ఉండే కెఫీన్ మెదడుకు అలసట తెలియనివ్వదు. అలసట పోదు, తెలియకుండా ఉంటుంది, అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 మించకూడదు. ఉదయం ఒక కాఫీ, తర్వాత రెండు టీలు తాగేవారికి భయం లేదు. ద్రాక్షారామం సెంటరులో టీకొట్టువారిచ్చే గ్లాసు చిన్నదే గాని, ఇంట్లో స్టీలు గ్లాసు నిండా తాగేవారు లెక్క మార్చుకోవాలి.

మన ప్రాంతంలో అసలు ఇబ్బంది రక్తహీనతతో. తెల్లవారకుండానే ఊడ్పులకు వెళ్ళే అక్కచెల్లెళ్ళు చద్దన్నం తినవలసిన వేళకు టీ తాగి ఆకలి చంపుకుంటారు. టీ, కాఫీలలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత వీటిని తాగవద్దు. గర్భిణులు ఐరన్ మాత్రను టీతో మింగితే రక్తం పట్టవలసినంత పట్టదు. నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. గర్భంలో కెఫీన్ ఒంట్లోంచి ఆలస్యంగా పోతుంది, బిడ్డకూ చేరుతుంది. కనుక వారు 200 మిల్లీగ్రాముల లోపే ఉండాలి.

సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సుమారు సగం కెఫీన్ రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్రమాత్ర అడిగేముందు ఆ కాఫీ మాని చూడండి. షుగరు ఉన్నవారు పంచదార సంగతి మరువకూడదు. కప్పుకు రెండు చెంచాల చొప్పున ఐదు కప్పులంటే పది చెంచాలు!

డబ్బాల్లో వచ్చే ఎనర్జీ డ్రింకులు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగవని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. పరీక్షల రోజుల్లో వాటిని కొనివ్వకండి.

బాగా అలవాటున్నవారు ఒక్కసారిగా మానితే మర్నాటికి తలనొప్పి, చిరాకు వస్తాయి. వారం దాకా ఉండవచ్చు. రెండు మూడు రోజులకొకసారి అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి.