టెర్మినల్ వేషము దాల్చిన కంప్యూటరు

బల్లమీద ఇమిడి, ఒక్క మనుష్యుని ఆజ్ఞకే లోబడి పనిచేయు పర్సనల్ కంప్యూటరు వెలువడిన తొలిదినములలో, ఇక పెద్ద కంప్యూటర్ల యేలుబడి ముగిసినదని తలచినవారు పెక్కుమంది. అయినను 1980వ దశకమున విశ్వవిద్యాలయములందును కార్యాలయములందును ఆ చిన్నయంత్రమునకు తఱచుగా అప్పగింపబడిన పని, తన స్వబుద్ధిని మరుగుపఱచుకొని, ఎక్కడో యొక గదిలోనున్న పెద్ద కంప్యూటరునకు తెరయు మీటలును మాత్రమేయైన టెర్మినలును యథాతథముగా అనుకరించుట. దీనినే ప్రోగ్రామర్లు టెర్మినల్ ఎమ్యులేషన్ అందురు. ఇది చిల్లరపని యని తోచవచ్చును గాని, నేనట్లు భావింపను. ఏలయన మఱియొక యంత్రమును దాని దోషములతోసహా తనలో నిలుపుకొనుట సామాన్యమైన విద్య కాదు.

టెర్మినలనగా నేమో ముందు తెలియవలెను. ఒకే పెద్ద కంప్యూటరును పలువు రేకకాలమున వాడుకొను పద్ధతి యేర్పడినప్పుడు, ఒక్కొక్కరి యెదుట ఉంచబడిన ఉపకరణమది. నొక్కిన అక్షరమును తీగవెంట పంపుటయు, తీగవెంట వచ్చిన అక్షరమును చూపుటయు దాని కర్తవ్యములు. 1963లో వెలువడిన టెలిటైప్ మోడల్ 33 సెకనునకు 10 అక్షరముల చొప్పున, గది మాఱుమ్రోగునట్లు, కాగితపు చుట్టమీద అచ్చువేసెడిది. పిమ్మట కాగితము పోయి గాజుతెర వచ్చెను. 1976లో లియర్ సీగ్లర్ సంస్థవారి ఏడీయమ్-3ఏ, 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి వీటీ 100 ప్రసిద్ధికెక్కిన తెర టెర్మినళ్లు. వరుసకు 80 అక్షరములు, అట్టివి 24 వరుసలు అను కొలత వానితో స్థిరపడినది.

పర్సనల్ కంప్యూటరు టెర్మినలును అనుకరించుటలో వింతయేమియు లేదనవచ్చును. అది పుట్టినదే టెర్మినళ్ల వంశమున. 1970లో అమెరికాయందలి శాన్ ఆంటోనియో నగరమున కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ అను సంస్థ డేటాపాయింట్ 2200 అను యంత్రమును ప్రకటించెను. ఒక్కొక్క సంస్థ టెర్మినలు ఒక్కొక్క మర్యాదను పాటించునది గావున, టేపునుండి తగిన ప్రోగ్రాము నెక్కించినచో కోరిన టెర్మినలు రూపమును దాల్చునట్లు దానిని కల్పించిరి. దాని ప్రాసెసరును ఒకే చిప్పులో ఇముడ్చుటకు ఇంటెల్ సంస్థ పూనుకొనెను. ఆ చిప్పు ఆ యంత్రములో వాడబడకపోయినను, 1972లో 8008 అను పేర వెలువడి, 8080కును, దాని వెనుక 8086కును, తుదకు 1981 ఆగస్టున వచ్చిన ఐబీఎమ్ పీసీలోని 8088కును పూర్వికమయ్యెను. స్టీవ్ వాజ్నియాక్ సైతము మొదట దూరపు కంప్యూటర్లతో సంభాషించుటకు టెలివిజన్ తెరతో ఒక టెర్మినలును నిర్మించుకొని, దానికి మైక్రోప్రాసెసరును జతపఱచియే 1976లో యాపిల్-1ను సృష్టించెను.

ఇక అనుకరణ విధానము. పెద్ద కంప్యూటరు పంపునది కేవలము అక్షరప్రవాహము. ఆజ్ఞలు కూడ అందులోనే కలసియుండును. తెరను తుడువుమనియో, కర్సరును 10వ వరుసలో 5వ స్థానమున నిలుపుమనియో చెప్పవలసినప్పుడు, ఆస్కీ పట్టికలో 27వదియైన ఎస్కేప్ సంకేతమును ముందు పంపి, దాని వెన్నంటి ఒక చదరపు కుండలీకరణమును, కొన్ని అంకెలను, చివర ఒక అక్షరమును పంపును. వీటీ 100 గర్భమున ఇంటెల్ 8080 ప్రాసెసరు కూర్చుండి ఈ సంకేతములను అర్థము చేసికొనుచుండెను. అనగా టెర్మినలు కూడ లోలోపల చిన్న కంప్యూటరే. ఆ లోపలి ప్రవర్తనను పీసీలో మరల ప్రోగ్రాముగా వ్రాయవలెను. ఎస్కేప్ వచ్చినతోడనే ప్రోగ్రాము సాధారణస్థితిని వీడి, ఆజ్ఞ పూర్తియగువఱకు వచ్చిన అంకెలను జ్ఞాపకముంచుకొని వేచియుండవలెను; ప్రవాహము నడుమ కొంతసేపు ఆగినను మఱవరాదు.

ఇంతవఱకు సులభమే. కష్టమంతయు సూక్ష్మములలోనున్నది. వరుసలోని 80వ స్థానమున అక్షరము పడిన పిదప కర్సరు తరువాతి వరుసకు దిగునని ఎవరికైనను తోచును; వీటీ 100 అట్లు చేయదు. కర్సరు 80వ స్థానమునందే నిలిచి, మఱియొక అక్షరము వచ్చినప్పుడు మాత్రమే క్రిందికి దిగును. ఈ మర్మము తెలియక వ్రాసిన ప్రోగ్రాములలో నిండు వరుసల నడుమ ఖాళీ వరుసలు పుట్టి తెర చెదరిపోయెడిది. వీటీ 100కు గీతలు గీయుటకై ప్రత్యేకమైన అక్షరమాల యొకటి కలదు. అందులో ఆంగ్లాక్షరము 'క్యూ' అడ్డగీత, 'ఎక్స్' నిలువుగీత, 'ఎల్', 'కె' అనునవి పైమూలలు. అక్షరమాలను మార్పుమను సంకేతమును గ్రహింపని అనుకరణలో చక్కని చట్రమునకు బదులు క్యూలు బారులుతీరి కనబడెడివి. పగటివేషగాడు దుస్తులు ధరించినంతమాత్రమున మెప్పు పొందడు. నడకను, మాటలోని నత్తిని సైతము పట్టుకొన్ననాడే ఊరు మెచ్చును. టెర్మినలు వేషమునకును అదియే నియమము: మూలయంత్రపు అలవాట్లలో ఒక్కటి తప్పినను, అవతలివైపున పనిచేయుచున్న ఎడిటరు ప్రోగ్రాము తాను చూపినదొకటి, తెరమీద కనబడునది మఱియొకటి యగును. మీటల చిక్కు వేఱు. వీటీ 100 కుడివైపు మీటల గుంపులో పైవరుసనున్న పీఎఫ్1 మీటకు అలవడిన వ్రేళ్లకు, పీసీలో అచ్చోటనే న్యూమ్‌లాక్ తగులుచుండెను.

వేగము మఱియొక పరీక్ష. సెకనునకు 9600 బిట్లు ప్రవహించు తీగమీద సుమారు 960 అక్షరములు వచ్చును, అనగా మిల్లీసెకనునకు ఇంచుమించు ఒకటి. మొదటి పీసీలలో సీరియల్ పోర్టును నడపిన 8250 చిప్పు, అందిన అక్షరము నొక్కదానిని మాత్రమే నిలువయుంచగలదు. తరువాతిది వచ్చులోగా దానిని తీసికొనకున్న అది నశించును. యంత్రముతో వచ్చిన బయోస్ సదుపాయములతో ఈ వేగమును అందుకొనలేక, ప్రోగ్రామర్లు వానిని దాటి, అక్షరము రాగానే ప్రాసెసరును మేల్కొలుపు ఇంటరప్టు పద్ధతి నవలంబించిరి. తెర తాలూకు మెమరీలో తామే నేరుగా వ్రాసిరి. అప్పటికిని వెనుకబడినచో, కంట్రోల్-ఎస్ సంకేతముతో పెద్ద కంప్యూటరును ఆగుమనియు, కంట్రోల్-క్యూతో సాగుమనియు కోరెడివారు. కమొడోర్ 64 వంటి యింటి యంత్రములలో తెర వెడల్పు 320 చుక్కలే. అందులో 80 అక్షరములను ఇముడ్చుటకు ఒక్కొక్కదానిని, ఖాళీతోసహా, 4 చుక్కలలో గీసినవారును కలరు. కన్నులకు శ్రమయే, కాని టెర్మినలు కొనలేని విద్యార్థికి అదియే మార్గము.

ఈ చరిత్రలో ప్రత్యేక గౌరవమునకు పాత్రమైనది కెర్మిట్. కొలంబియా విశ్వవిద్యాలయమున పెద్ద కంప్యూటరులో విద్యార్థుల ఫైళ్లకు చోటు చాలకపోగా, వానిని చిన్నయంత్రముల ఫ్లాపీలలోనికి దింపుకొనుటకై 1981లో ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ క్యాచింగ్స్ అనువారు దానిని రూపొందించిరి. టెర్మినలుగా నటించుచు నటించుచు, కోరినప్పుడు అదే తీగమీద ఫైలును ముక్కలుగా పంపి, ప్రతిముక్కను సరిచూచుకొని, చెడినదానిని మరల పంపించుకొనునది కెర్మిట్. అనుకరణ ఇచ్చట మూలమును మించినది. అసలు టెర్మినలునకు దాచుకొనుటకు డిస్కేది?

అంతకంటె ఆశ్చర్యకరమైనది హెల్సింకిలో జరిగినది. 1991 ఆరంభమున 386 ప్రాసెసరు గల పీసీని కొన్న లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, మోడెం ద్వారా విశ్వవిద్యాలయపు యూనిక్స్ కంప్యూటరును చేరుటకై, ఏ ఆపరేటింగ్ సిస్టముమీదను ఆధారపడని ఒక టెర్మినల్ ఎమ్యులేటరును వ్రాసికొనెను: అందులో ఒక పని మీటలనుండి మోడెంకు, మఱియొక పని మోడెంనుండి తెరకు అక్షరములను చేరవేయును. ఫైళ్లను దింపుకొనగోరగా డిస్కును నడపు భాగము కావలసివచ్చెను. వానిని పదిలపఱచుటకు ఫైల్ సిస్టము కావలసివచ్చెను. ఇట్లొక్కొక్కటియే చేరి, ఆ సంవత్సరమే అది లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టముగా లోకమునకు వెల్లడియయ్యెను. నేడు హైదరాబాదునుండియో డాలస్‌నుండియో ఆ లినక్స్ సర్వర్లలో పనిచేయు మనవారు తమ ల్యాప్‌టాప్‌లలో తెఱచు నల్లని కిటికీ సైతము టెర్మినల్ ఎమ్యులేటరే. 80వ స్థానమున దాని కర్సరు నేటికిని వీటీ 100 చేసినట్లే ఆగి, తరువాతి అక్షరము వచ్చినప్పుడే క్రిందికి దిగును.