అరుగు మీది ఆటగాళ్లు

ఆడేవారు పదకొండుమంది. ఆడించేవాడు ఒకడు. ఇట్లా ఆడివుండవలసిందని చెప్పేవారు లక్షమంది. ఫుట్‌బాల్ లోకంలో ఈ లెక్క ఎక్కడయినా ఒకటే.

మా తాతగారు కరీంనగరం వైపునుంచి బొంబాయి మిల్లులో పనికి వచ్చినవారు. 1950 మొదలు 1954 దాకా వరుసగా అయిదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రోజులలో తాతగారు షిఫ్టు దిగి, ట్రామెక్కి కూపరేజ్ మైదానానికి పోయేవారట. మనవాళ్లు గెలిచిన రాత్రి కూడా చాల్ ముందరి అరుగు మీద వాదన ఆగేది కాదట. జట్టును నడిపే రహీం సాహెబు ఫలానా కుర్రవాణ్ణి ఎడమవైపు ఎందుకు పెట్టాడు, ఫలానావాణ్ణి ఎందుకు కూర్చోబెట్టాడు అని మగ్గం మీది మనుషులు తెల్లవారే దాకా తేల్చేవారు. ఈ ముచ్చట మా నాన్నగారు మాకు చెప్పగా విన్నాం.

అదే అరుగును మేము 2024లో మళ్లీ చూశాం. అయితే అది బొంబాయిలో కాదు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరంలో. చూపించినవాడు మా మేనల్లుడు.

మావాడు అప్పుడు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పైచదువు చదువుతూ వుండేవాడు. ఆదివారం ఉదయం ఫోను చేసి, అమ్మమ్మ ఆరోగ్యమూ ఆవకాయ పార్సెలు సంగతీ అడిగేవాడు. అక్టోబరు వచ్చేసరికి ఆవకాయ పోయింది. "మామయ్యా, నిన్న మావాళ్లు ఏం చేశారో తెలుసా?" అని ఫుట్‌బాల్ మొదలయింది.

ముందుగా పాఠకులకు ఒక మాట చెప్పాలి. అమెరికావారి ఫుట్‌బాల్ పేరుకే ఫుట్‌బాల్. బంతి ఎక్కువసేపు చేతిలోనే వుంటుంది. దాడి చేసే జట్టుకు నాలుగు ఎత్తులు ఇస్తారు. నాలుగింటిలో పదిగజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు. పోకపోతే బంతి ఎదుటివారిది. ముందుకు పోవటానికి రెండు దారులు. ఒకటి, బంతి పట్టుకుని మనుషుల మధ్యనుంచి దూసుకుపోవటం. రెండు, క్వార్టర్‌బ్యాక్ అనే నాయకుడు దూరాన పరుగెత్తే తనవాడికి బంతి విసరటం. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. గుంజల మధ్యనుంచి తన్నితే మూడు. కాలేజీ అభిమానుల తగవులో సగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: దూసుకుపోవాలా, విసరాలా?

కాలేజీ ఆటే గదా అని తేలికగా చూడకండి. కొలంబస్‌లోని స్టేడియం 1922లో తెరిచారు. అందులో లక్షమందికి పైగా పడతారు. ఆటగాళ్లు విద్యార్థులే అయినా, 2021నుంచి తమ పేరుమీద డబ్బు సంపాదించుకునే హక్కు వారికి వచ్చింది. 2024 జట్టుకు ఆ విధంగా సుమారు రెండుకోట్ల డాలర్లు పోగయినట్లు విశ్వవిద్యాలయపు క్రీడాధికారే చెప్పారు. అంత సొమ్ము పోసిన జట్టు ఓడితే ఊరు ఊరుకుంటుందా?

మొదటి అయిదు ఆటలూ గెలిచారు. అక్టోబరు 12న ఆరెగన్ జట్టుతో వారి ఊళ్లోనే ఆడి 32–31తో, అంటే ఒక్క పాయింటుతో, ఓడిపోయారు. పది సెకన్లు మిగిలివుండగా ఆరెగన్‌వారు పదకొండుకు బదులు పన్నెండుమందిని దింపారు. తప్పుకు శిక్ష అయిదు గజాలు. కాని ఆ ఎత్తులో నాలుగు సెకన్లు ఖర్చయిపోయాయి. చివరి ఎత్తున క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ పరుగెత్తి కిందికి జారేలోగా గడియారం ఆగిపోయింది. ఆ తరువాతి వారంలోనే, ఇట్లాంటి తప్పు చేస్తే పోయిన సెకన్లు తిరిగి ఇప్పించుకోవచ్చునని నియమాన్ని సవరించారు. పోయిన ఆట మాత్రం తిరిగి రాలేదు.

ఇక మావాడి గదిలో, కాంటీనులో, బస్సులో మూడు పక్షాలు లేచాయట. మొదటి పక్షం హోవర్డ్‌ది తప్పంది. రెండోది కోచ్ రయన్ డేను దింపమంది. మూడోది, "జెరమయ్యా స్మిత్ అనే పిల్లవాడున్నాడు. మొదటి యేడాదివాడు. వాడికి బంతి విసరండి, ఇంకేమీ అడగం" అంది. మావాడు మూడో పక్షం.

అసలు చిక్కు ఈ మూడింటికీ కాస్త అవతల వున్నది. విసిరేవాడికి ముందు అయిదుగురు బలశాలులు గోడలాగా నిలబడతారు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపు వెనుక ఏం జరిగేదీ కనబడదు. అందుచేత ఎడమకొసన నిలబడేవాడు గోడకు మూలరాయి. ఆ స్థానపు జాష్ సిమన్స్ ఆరెగన్ ఆటలో మోకాలు దెబ్బతిని, ఆ యేటికి ఆట మానుకోవలసి వచ్చింది. అక్టోబరు 26న నెబ్రాస్కాతో సొంత ఊళ్లో ఆడి 21–17తో బయటపడ్డారు. గెలిచినవారి ముఖాలలో గెలుపు కళ లేదన్నాడు మావాడు.

నవంబరు 2న పెన్ స్టేట్ ఊరికి పోయినప్పుడు కోచ్‌లు ఒక పని చేశారు. గోడలో లోపలి స్థానంలో ఆడే డొనోవన్ జాక్సన్‌ను జరిపి ఎడమకొసన నిలిపారు. జట్టు 20–13తో గెలిచింది. ఆఖరి అయిదు నిమిషాలకు పైగా బంతిని ఒక్కసారయినా విసరక, మనుషుల మధ్యనుంచే నెట్టుకుంటూ గడియారాన్ని కరగబెట్టారు. "మధ్యనుంచి పోయే ఆట పాతకాలపుదని ఏడ్చారుగా, చూశారా?" అని కోచ్ పక్షంవారు మీసం మెలేశారట.

ఫోను పక్కనే కూర్చున్న మా నాన్నగారు ఇది విని, "ఇది రహీం పనిరా" అన్నారు. ఆయన మాట నిజం. 1962 ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి ఆట దక్షిణ కొరియాకు 2–0తో ఓడింది. తరువాతి ఆటలో వెనుక కాపుకాసే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి సెమీఫైనలుకూ ఫైనలుకూ దాడివరుసలో ముందు నిలిపారు. ఫైనలులో అదే కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అందులో ఒక గోలు జర్నైల్‌ది. మనుషులు తక్కువయినప్పుడు వున్నవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తెలియటమే కోచ్ విద్య. ఆ విద్య అరుగు మీద కూర్చున్నవారికి దొరకదు. ఎందుకంటే ఎవడి మోకాలు ఎంత వాచిందో, ఎవడు అభ్యాసంలో ఎట్లా కదులుతున్నాడో వారికి కనబడదు.

అయితే కథ ఇక్కడితో ముగిసివుంటే కోచ్‌లదే పైచేయి అని రాసి ఊరుకునేవాళ్లం. నవంబరు 30 వచ్చింది. ప్రత్యర్థి మిషిగన్. అప్పటికి వారు ఆరు గెలిచి అయిదు ఓడిన జట్టు. మనవారిది పది గెలుపులు, ఒక్క ఓటమి. ఆట సొంత ఊళ్లో. ఈలోగా గోడకు నడిమి మనిషి సెత్ మెక్‌లాఫ్లిన్ కూడా అభ్యాసంలో గాయపడి పడకెక్కాడు. మిషిగన్‌కు నడుమ మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్ అనే ఇద్దరు కొండలవంటివారు. తమ గోడ నడుమ బీటలు వారింది, ఎదుటిగోడ నడుమే గట్టిది. అయినా కోచ్‌లు బంతిని ఆ నడుమకే పంపారు. పెన్ స్టేట్ దగ్గర పనిచేసిన మందే గదా! 13–10తో ఓడిపోయారు. మిషిగన్ చేతిలో వరుసగా అది నాలుగో యేడు. ఆట ముగిశాక జెండా నాటే విషయమై మైదానంలో కొట్లాట జరిగి, పోలీసులు మిరియపు మందు చల్లవలసి వచ్చింది.

ఆ ఆదివారం ఫోనులో మావాడి గొంతు బొంగురుపోయివుంది. "మామయ్యా, స్మిత్ ఖాళీగా నిలబడ్డాడు. లక్షమందికి కనబడ్డాడు. వాళ్లకొక్కళ్లకే కనబడలేదు" అన్నాడు. ఆ రోజు అరుగుదే న్యాయమని మేమూ ఒప్పుకున్నాం. నిన్న గెలిపించిన ఎత్తుగడను రేపు కూడా పట్టుకు వేళ్లాడితే అది పట్టుదల కాదు, మొండితనం.

కాని అరుగు అక్కడితో ఆగలేదు. కోచ్ ఇంటికి బెదిరింపులు వచ్చాయనీ, ఇంటికి కాపలా పెట్టుకోవలసి వచ్చిందనీ ఆయన భార్య తరువాత చెప్పారు. పిల్లలున్న ఇల్లు అది. ఆట గురించి వాదించటం అభిమానం. ఇంటి గడప దాకా పోవటం ఏమిటో దానికి మంచిపేరు మాకు దొరకలేదు. మన దేశంలో కూడా క్రికెట్ ఓడిన రాత్రి ఆటగాళ్ల ఇళ్ల మీద రాళ్లు పడ్డ సందర్భాలున్నాయి గనుక, అమెరికావారిని మాత్రమే నిందించే హక్కు మనకు లేదు.

ఆ యేడాది అదృష్టం ఏమంటే, జాతీయ పోటీకి నాలుగు జట్లకు బదులు మొదటిసారిగా పన్నెండింటిని పిలిచారు. పాత పద్ధతిలో రెండుసార్లు ఓడిన జట్టుకు ఎన్నడూ పిలుపు రాలేదు. ఈసారి ఒహాయోకు వచ్చింది. డిసెంబరు 21న టెనెస్సీ మీద మొదట్లోనే స్మిత్‌కు పొడుగాటి బంతి విసిరి టచ్‌డౌన్ చేశారు, 42–17. జనవరి 1న, అంతవరకు ఓటమి ఎరుగని అదే ఆరెగన్‌ను 41–21తో చితకగొట్టారు. సెమీఫైనలులో టెక్సస్ మీద 28–14. 2025 జనవరి 20న అట్లాంటాలో నాటర్‌డామ్ మీద 34–23తో జాతీయ విజేతలయ్యారు. ఆ చివరి ఆటలో ప్రత్యర్థి తరుముకొస్తుండగా నిలబెట్టినది హోవర్డ్ స్మిత్‌కు విసిరిన యాభై గజాలు దాటిన బంతి.

చూడండి, న్యాయం ఎట్లా పంచుకుపోయిందో! "స్మిత్‌కు విసరండి" అన్న మూడో పక్షం గెలిచింది. "హోవర్డ్‌ది తప్పు" అన్నవారికి హోవర్డే జవాబు చెప్పాడు. "కోచ్‌ను దింపండి" అన్నవారి మాట నెగ్గివుంటే ఆ జనవరి వచ్చేదో కాదో! దింపవలసినదన్న కోచ్‌కే ఫిబ్రవరిలో ఒప్పందం పొడిగించారు.

మేము ఇరవై యేళ్లుగా ఆఫీసులో ఫైళ్లు మోస్తున్నవాళ్లం. ఏ ఫైలు ఏ బల్ల దగ్గర ఎందుకు ఆగిందో పై అధికారికంటే మాకే ముందు తెలుస్తుంది. ఆ మాట చెప్పటం మా ధర్మం. కాని సంతకం పెట్టే కుర్చీలో మమ్మల్ని కూర్చోబెడితే ఏం చేస్తామో మాకూ తెలియదు. అరుగుకు జబ్బు పోల్చే కన్ను వున్నది. మందు కొలిచే చెయ్యి లేదు. రెండూ వున్నాయనుకున్న రోజునే చిక్కు.

ఇదంతా జరుగుతూ వుండగానే మా పదోతరగతి కుమారుడి అర్ధసంవత్సరపు మార్కులు వచ్చాయి. లెక్కల దగ్గర మా చూపు ఆగిపోయింది. ట్యూషను మాస్టారును మార్చాలని, ఫోను లాక్కోవాలని, సైన్సు మాట మరిచిపోవాలని భోజనాల దగ్గర మేము తీర్పులు చదువుతూ వుంటే, మా ఇంటావిడ వడ్డిస్తూ, "ఇంకా సగం సీజనేగా, కాస్త ఆగండి" అన్నది. మా నాన్నగారు ముసిముసిగా నవ్వారు. మేము కంచంలోకి చూసుకుని, ముందు వాడికి అర్థం కానిది ఏ అధ్యాయమో అడిగి తెలుసుకున్నాం.