మైటర్ రంపముతో లోహపు అంచుపట్టీలను కోయుట

మైటర్ రంపము అనగా గుండ్రని బిళ్ళను కోరిన కోణమునకు తిప్పి, బల్లపై ఉంచిన వస్తువు మీదికి దించి కోసే విద్యుత్ యంత్రము. ఇది ప్రధానముగా కొయ్యపనికి రూపొందినది. టైల్సు అంచులకు, గోడ మూలలకు, మెట్లకు అమర్చే అల్యూమినియము, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలను పనిచోటనే కొలిచి కోయుటకు కూడా దీనిని వాడుతుంటారు. రెండు పట్టీలు మూలలో 90 డిగ్రీలుగా కలవాలంటే ఒక్కొక్కదానిని 45 డిగ్రీలలో కోయాలి. చేతిరంపముతో ఇది కచ్చితముగా కుదరడము కష్టము.

బిళ్ళ వేగము

250 మి.మీ. బిళ్ళ నిమిషానికి 4800 సార్లు తిరిగితే దాని అంచు వేగము సెకనుకు సుమారు 63 మీటర్లు. కొయ్యకు, మెత్తని లోహమైన అల్యూమినియమునకు ఇది తగును, ఉక్కుకు తగదు. ఉక్కు కోయుటకై తయారైన రంపములలో 355 మి.మీ. బిళ్ళ నిమిషానికి 1300 సార్లు తిరిగితే అంచు వేగము 24 మీటర్లే. వేగము మించితే వేడి పెరిగి, బిళ్ళ పళ్ళకు అతికించిన కార్బైడు ముక్కలు చిట్లిపోతాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు మరింత మొండిది. సుమారు 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలు గల 304 రకము వేడిని త్వరగా ప్రసరింపనీయదు. పైగా బిళ్ళ కోయక ఒరుసుకున్న చోట ఇంకా గట్టిపడుతుంది. అంచు నీలిరంగుకు మారినదంటే అక్కడ తుప్పును నిరోధించే శక్తి తగ్గినట్లే.

ఈ ఇబ్బంది తప్పించుకొనుటకు కొందరు కొయ్య రంపమునకే రాపిడి బిళ్ళను బిగిస్తారు. ఇది ప్రమాదకరము. నిప్పురవ్వలు సంచిలోని రంపపు పొట్టును అంటుకొనగలవు. బిళ్ళపై ముద్రించిన గరిష్ఠ వేగము యంత్రపు వేగము కన్న తక్కువైతే బిళ్ళ పగిలి ముక్కలు ఎగురుతాయి. స్టెయిన్‌లెస్ పట్టీకి తక్కువ వేగపు లోహపు రంపము గాని, స్టెయిన్‌లెస్‌కు ఉద్దేశించిన 1 మి.మీ. పలుచని బిళ్ళతో యాంగిల్ గ్రైండరు గాని వాడాలి. మామూలు ఇనుము కోసిన బిళ్ళను మరల దీనికి వాడితే, అంటుకున్న ఇనుప రజను తరువాత తుప్పు మరకలుగా బయటపడుతుంది.

అల్యూమినియము కోసే విధము

24 పళ్ళ కొయ్య బిళ్ళలో పంటికీ పంటికీ ఎడము సుమారు 33 మి.మీ.; పలుచని పట్టీని అది కోయదు, లాగివేస్తుంది. 80 పళ్ళ బిళ్ళలో ఎడము 10 మి.మీ. లోపే. పళ్ళు కొంచెము వెనుకకు వాలి ఉండుట మేలు. పట్టీ వంగకుండా లోపల కొయ్యముక్కను ఆనించి, రెంటినీ క్లాంపుతో బిగించాలి. చేతితో పట్టుకొనరాదు. కంటి అద్దాలు తప్పనిసరి. తిరిగే బిళ్ళ దగ్గర వదులైన చేతితొడుగులు కూడదు. బిళ్ళ పూర్తి వేగము అందుకున్న పిదప మెల్లగా దించి, తెగిన తరువాత ఆపి, అది పూర్తిగా నిలిచిన పిమ్మటనే పైకెత్తాలి. పళ్ళకు లోహము అంటకుండా కాస్త మైనము రాస్తారు. తెగిన అంచు చేతులను కోసేటంత వాడిగా ఉంటుంది కనుక, అమర్చే ముందు ఆకురాయితో నునుపు చేయాలి.