బొంబాయికి చేరిన యోడెల్

యోడెలింగ్ అంటే మామూలు గొంతులోంచి సన్నటి దొంగగొంతులోకి ఒక్కసారిగా ఎగిరి, అంతే వేగంగా కిందికి దిగడం. చాలామంది గాయకులు ఆ రెండు గొంతుల మధ్య అతుకు వినబడకుండా జాగ్రత్తపడతారు. ఇక్కడ అది వినబడటమే అందం.

ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపరుల కేకగా ఉన్న ఈ పద్ధతికి అమెరికా కంట్రీ సంగీతంలో గొప్ప ఆదరణ తెచ్చినవాడు జిమ్మీ రోడ్జర్స్. మిసిసిపీకి చెందిన ఈయన రైళ్లలో బ్రేక్‌మన్‌గా పనిచేశాడు. 1927 ఆగస్టులో బ్రిస్టల్ పట్టణంలో తొలిసారి రికార్డుకు పాడాడు. ఆ నవంబరులోనే పాడిన ‘బ్లూ యోడెల్’తో పేరు మారుమోగింది. నల్లజాతివారి బ్లూస్ చరణం చివర యోడెల్ తగిలించడమే అందులోని కిటుకు. క్షయతో 1933లో, 35 ఏళ్లకే కన్నుమూశాడు.

రోడ్జర్స్, మరో కంట్రీ గాయకుడు టెక్స్ మోర్టన్‌ల రికార్డులు హిందీ సినిమా గాయకుడు కిశోర్ కుమార్ అన్న అనూప్ కుమార్ దగ్గర ఉండేవని, వాటిని వినే కిశోర్ యోడెలింగ్ పట్టుకున్నాడని చెబుతారు. శాస్త్రీయ శిక్షణ లేకపోవడం బహుశా ఇక్కడ కలిసొచ్చింది. అలా పాడకూడదని చెప్పేవాళ్లు లేరు. 1961 నాటి ‘ఝుమ్రూ’కు సంగీతమూ ఆయనదే, యోడెలింగూ ఆయనదే. 1971లో ‘అందాజ్’ చిత్రంలో రాజేశ్ ఖన్నా మోటారుసైకిల్ మీద పాడే పాటతో అది ఊరూరా పాకింది. శంకర్ జైకిషన్ల ఆ బాణీని రఫీ, ఆశా భోంస్లే కూడా పాడారు. జనం నోట నిలిచింది మాత్రం కిశోర్ పాడినదే.